శంకుస్థాపనకు ముందే బోదె చూడండి

(ఉంగుటూరులో జరిగిన రైతుల సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము ఎత్తుకున్న విషయం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ప్రభుత్వం కట్టే భవనాలు, వేసే లేఅవుట్లు, రోడ్ల దగ్గర మట్టి ఏమవుతోంది, నీరు ఎటు పోతోంది, ఏ మొక్కలు నాటుతున్నారు అన్నది విషయం. ధాన్యం సొమ్ము, యూరియా, కౌలు కార్డులు, కాలువ చివరి భూములకు నీళ్లు, ఇన్ని సమస్యలుండగా ఆఫీసుల ముందు మొక్కల గొడవ మనకెందుకని అడగొచ్చు. అది మొక్కల గొడవే అయితే మేమూ మీ సమయం తీసుకునేవాళ్లం కాదు. అది మన చేల దాకా వచ్చింది కాబట్టే మాట్లాడుతున్నాం.

మన ప్రాంతంలోనే ఒక ఊరు. పేరు చెప్పం. చెప్పకపోయినా ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి అది తమ ఊరే అనిపిస్తుంది. ఆ ఊళ్లో ఒక పల్లపు చేను ప్రభుత్వ అవసరానికి తీసుకున్నారు. చేను అంచున మురుగు బోదె ఒకటి పోయేది. కాగితాల్లో దానికి పేరు లేదు. కాని పైనున్న చేలన్నిటి నీరూ దిగేది దాని మీదుగానే. లారీల మీద లారీలు ఎర్ర గ్రావెల్ వచ్చింది. చేను రోడ్డు ఎత్తుకి లేచింది. బోదె గ్రావెల్ కిందకి పోయింది. తూము వేయలేదేమని అడిగితే అంచనాలో లేదన్నారు. ఆ ఏడు సార్వా ఊడ్పులయిన కొద్ది రోజులకే గట్టి వాన పడింది. ఎప్పుడూ రెండు రోజుల్లో లాగేసే నీరు వారం దాటినా కదల్లేదు. నాటిన చేలు కుళ్లిపోయాయి. మళ్లీ నారు వెతుక్కున్నారు, మళ్లీ కూలి పెట్టి ఊడ్చారు. ఆ రెండో ఊడ్పు ఖర్చు ఎవరి ఖాతాలోనూ రాయలేదు. రైతు ఖాతాలోనే పడింది.

భవనం ప్రారంభం రోజున మొక్కలు నాటారు. గ్రావెల్‌లో జానెడు గొయ్యి తీసి, నర్సరీ నుంచి తెచ్చిన మొక్క దించి, తలా ఒక చెంబు నీళ్లు పోసి, ఫొటోలు తీసుకున్నారు. ఎండలు ముదిరేసరికి పుల్లలు మిగిలాయి. పంట పండిన నల్లమట్టి ఆ గ్రావెల్ కిందే, నాలుగడుగుల లోతున ఉంది.

మేము ఎవరినీ దొంగ అనడం లేదు. ఇంజనీరు అంచనాలో ఉన్న పని చేయించాడు. కాంట్రాక్టరు బిల్లు వచ్చే పని చేశాడు. బోదె, పై మట్టి, చెట్టు, ఈ మూడూ అంచనా కాగితంలో లేవు. మా మాట అంతా ఇదే. ఈ మూడింటినీ అంచనాలో రాయించాలి. అది శంకుస్థాపనకు ముందే జరగాలి.

మన నేల వాలు

ఉంగుటూరు మండలానిది రెండు రకాల నేల. జాతీయ రహదారి దాటి ఉత్తరానికి వెళ్లే కొద్దీ మెట్ట, ఎర్ర నేలలు, ఆయిల్ పామ్, కొబ్బరి, అరటి. దక్షిణానికి దిగితే డెల్టా, నల్ల ఒండ్రు నేలలు, వరి. ఇంకా దిగితే చేపల చెరువులు, చివరికి కొల్లేరు. నేల వాలు ఎటో మన ఎడ్లకు కూడా తెలిసేది. ఇప్పుడు ఆ వాలు తెలియని కాగితాల మీద పనులు నడుస్తున్నాయి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు నీళ్లు తెచ్చాయి. తెచ్చిన నీళ్లు బయటికి పోవడానికి డ్రెయిన్లు కూడా అంతే ముఖ్యమని మన తాతలు మునిగి మునిగి నేర్చుకున్నారు. 1960ల్లో డెల్టా మురుగునీటి సమస్యను, కొల్లేరు ముంపును చూడడానికి మిత్రా కమిటీని వేశారు. డ్రెయిన్ల పనుల కోసం కృష్ణా, గోదావరి డెల్టా రైతుల మీద సెస్సు వేయడానికి 1968లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. మురుగు పోయే దారికి ఇంత చరిత్ర ఉంది. అలాంటి దారి మీద ఒక్క తూము లేకుండా గ్రావెల్ పోయడం చిన్న పొరపాటు కాదు.

కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వస్తాయి. డెల్టా డ్రెయిన్లు కూడా వస్తాయి. బయటికి సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అందుకే మన దగ్గర ఒకచోట మెరక చేస్తే ఆ నీరు ఇంకొకరి పల్లంలోకి చేరుతుంది. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు చేలు ఎలా మునిగాయో మీరే చూశారు. ఆ వరదకు ప్రభుత్వ భవనాలే కారణమని మేము అనం. అలా అంటే అబద్ధమవుతుంది. కాని పొంగిన నీరు మూడు రోజుల్లో దిగుతుందా, పది రోజులు నిలుస్తుందా అన్నది ఊరి బోదెల మీద ఆధారపడుతుంది. మూడు రోజులైతే చేను తేరుకుంటుంది. పది రోజులైతే పోతుంది.

ఇళ్ల స్థలాల మాట కూడా చెప్పాలి. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. ఊళ్లలో ఒక్కో కుటుంబానికి సెంటున్నర, అంటే 72 గజాలు. మన సంఘంలోనూ ఆ పట్టాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. పేదవాడికి ఇల్లు కావాలి, అందులో రెండో మాట లేదు. కాని 72 గజాల్లో ఇల్లు కట్టాక చెట్టుకి జాగా ఉండదు, ఇంకుడు గుంతకీ ఉండదు. కాబట్టి ఆ లేఅవుటు ఉమ్మడి స్థలంలో, రోడ్డు వారన ఏం చేస్తారన్నదే ఆ కాలనీకి నీడా, నీరూ నిర్ణయిస్తుంది. పల్లంలో వేసిన లేఅవుటుకి మురుగు దారి లేకపోతే పక్క చేలతో పాటు మునిగేది ఆ పేదవాడి ఇల్లే. ఈ విషయంలో రైతుకీ, ఇంటిస్థలం పొందిన కూలీకీ తగువు పెట్టాలని ఎవరైనా చూస్తే మనం ఆ మాటల్లో పడకూడదు. ఇద్దరికీ కావలసింది ఒకే తూము.

పై మట్టి లెక్క

ఇప్పుడు మట్టి సంగతి. గోదారి వందల ఏళ్లు వరదల్లో మోసుకొచ్చి పోసిన ఒండ్రు మనది. అందులోనూ పంటకు ప్రాణం పైన ఉన్న జానెడు మట్టిలోనే ఉంటుంది. ఎరువు వేసినా, పచ్చిరొట్ట దున్నినా, పెసర, మినుము వేసినా మనం బతికించేది ఆ జానెడునే.

లెక్క చూడండి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దాని మీద 20 సెంటీమీటర్ల మందాన మట్టి తీస్తే సుమారు 800 ఘనపు మీటర్లు వస్తుంది. మనం మట్టిని, గ్రావెల్‌ను యూనిట్లలో కొలుస్తాం. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. ఆ లెక్కన ఎకరానికి 280 యూనిట్ల పైమాటే. ట్రాక్టరు ట్రక్కుకి ఒక యూనిట్ వేసుకున్నా 280 ట్రక్కుల సారవంతమైన మట్టి. ఒక్క ఎకరంలో ఇంత మట్టిని మనం గ్రావెల్ కింద సమాధి చేస్తున్నాం. ఆ గ్రావెల్ కోసం మెట్టలో ఇంకొక గుట్ట తవ్వుతున్నాం. రెండు చోట్లా నష్టమే.

20 సెంటీమీటర్లు అని ఊరికే అనలేదు. దేశంలో పెద్ద కట్టడాలకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టే షరతుల్లో ఉన్న కొలత అది. భవనం, రోడ్డు వచ్చే చోట పై మట్టిని 20 సెంటీమీటర్ల లోతు తీసి, వేరుగా కుప్ప పోసి, తర్వాత మొక్కలు పెంచే చోట తిరిగి పరచాలి. గ్రావెల్ తోలడానికి వచ్చిన యంత్రమే మొదటి రెండు రోజులు ఈ పని చేయగలదు. మిగిలిన మట్టిని ఊళ్లో చౌడు తేలిన చేలకు, బడి తోటకు, కాలనీలో పెరళ్లకు ఇవ్వవచ్చు.

వేలు చూపించే ముందు మన చేయి కూడా చూసుకుందాం. అప్పు తీరక ఇటుక బట్టీకి పై మట్టి అమ్ముకున్నవాళ్లం మనలో ఉన్నాం. చెరువు తవ్వేటప్పుడు పక్కవాడి బోదె పూడ్చినవాళ్లం ఉన్నాం. గట్టు మీద తాడిచెట్లు కొట్టి అమ్మినవాళ్లం ఉన్నాం. ప్రభుత్వాన్ని అడిగే రోజున ఎదుటివాళ్లు ఈ మాటే అంటారు. అందుకే ముందే మనమే చెప్పుకుంటున్నాం.

అందం కోసం వచ్చిన మొక్కలు

కాలువలో, డ్రెయిన్‌లో, కొల్లేట్లో గుర్రపుడెక్క చూడనివాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. ఏటా దాన్ని తీయించడానికి డబ్బు పోతోంది. తీసిన చోటే మళ్లీ అల్లుకుంటోంది. అది మన మొక్క కాదు. దక్షిణ అమెరికాది. దాని ఊదా రంగు పువ్వు బాగుందని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కి తోట మొక్కగా తెచ్చారు. తెచ్చినవాళ్లు ఒక కొలను అందంగా ఉంటుందనుకున్నారు. నూరేళ్ల తర్వాత మన లాకుల దగ్గర నీరు ఆగిపోతోంది.

ఇంకొకటి సర్కారు తుమ్మ. పేరులోనే సర్కారు ఉంది. జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వేశారు. వంటచెరకు దొరుకుతుందని, బంజర్లు పచ్చబడతాయని వాళ్ల ఆలోచన. వంటచెరకు దొరికిన మాట నిజమే. దాంతోపాటు చెరువు గట్లు, పోరంబోకులు, కాలువ గట్లు కూడా ఆ ముళ్ల కిందకి పోయాయి.

ఇప్పటి కాలానికి వద్దాం. ఆఫీసుల ముందు, బడుల్లో, రోడ్డు డివైడర్ల మీద కోనోకార్పస్ కనిపిస్తోంది. పశువు తినదు, నీళ్లు తక్కువైనా బతుకుతుంది, త్వరగా ఎదుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. అందుకే అధికారులకు అది సులువు. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటవద్దని ఆదేశాలిచ్చాయి. దాని వేళ్లు పైపులను, నేల కింది కేబుళ్లను దెబ్బతీస్తాయనీ, పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులు వస్తాయనీ ఆందోళన ఉంది. ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ చెట్టు ఆక్సిజన్ ఇవ్వదు, పీల్చేస్తుంది అని ఫోన్లలో తిరిగే మాట కట్టుకథ. అన్ని పచ్చని చెట్లలాగే అదీ చేస్తుంది. కట్టుకథలు చెప్పి అడిగితే మన నిజమైన వాదన కూడా తేలిపోతుంది. మన అభ్యంతరం మామూలుది. అది రైతుకి కాయ ఇవ్వదు, పశువుకి మేత ఇవ్వదు, పచ్చిరొట్టకు రాదు. అదే గోతిలో ఇవన్నీ ఇచ్చే చెట్టు పెరిగేది కదా.

కొబ్బరి, ఆయిల్ పామ్ రైతులకు ఇంకొక భయం ఉంది. సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడి, ఆ వెంటనే మన గోదావరి జిల్లాల తోటల మీద పడింది. ఆకుల మీద తెల్లటి మైనం, కింద ఆకుల మీద నల్లటి మసి, కాపు తగ్గడం మీకు తెలుసు. ఆ దోమ కొబ్బరితో ఆగదు. అరటి, జామ మీద, అందానికి పెంచే తాటిజాతి మొక్కల మీద కూడా బతుకుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు దాని మీద ఐసేరియా శిలీంధ్రాన్ని పెంచి ఇచ్చారు, మిత్రపురుగులను వదిలారు. రైతు తన తోటలో ఇంత తంటాలు పడుతుంటే, తోట పక్కనే ఉన్న ప్రభుత్వ ఆవరణలో దోమ పట్టిన అలంకార మొక్కలను ఎవరూ చూడకుండా వదిలేస్తే ఎలా? దూరం నుంచి తెచ్చే ప్రతి మొక్కనూ దించే ముందు ఉద్యాన శాఖ వాళ్లు చూడాలి.

ఏ చెట్టు, ఎక్కడ

మరి ఏం నాటాలి? స్థానిక చెట్టు అనగానే మర్రి, రావి అంటారు. అవి మంచివే, కాని గోడ పక్కన పెడితే గోడ చీలుతుంది. వాటికి చెరువు గట్టు, ఖాళీ మైదానం కావాలి. కాలువ గట్లకు తెల్లమద్ది, నేరేడు, కానుగ తగినవి. తడి నేలను తట్టుకుంటాయి, గట్టును పట్టుకుంటాయి. గట్టు కోసుకుపోయే చోట వట్టివేరు వేయవచ్చు. బడికి, ఆసుపత్రికి వేప, పొగడ, ఉసిరి. అంగన్‌వాడీకి మునగ, కరివేపాకు. కరెంటు తీగల కింద పెద్ద చెట్లు పెట్టకూడదు. పెడితే ఏటా కొమ్మలు నరుకుతూనే ఉంటారు. గన్నేరు పూలు బాగుంటాయి కాని ఆకు, కాయ విషం. బడిలోనూ, పశువుల ఆసుపత్రిలోనూ అది వద్దు.

వేప, కానుగ అంటే మనకు వట్టి నీడ కాదు. 5 కిలోల వేపగింజల పొడితో వంద లీటర్ల కషాయం అవుతుంది. కానుగ ఆకు పచ్చిరొట్ట, కానుగ పిండి ఎరువు. ఊళ్లోని ప్రభుత్వ ఆవరణల్లో వేపచెట్లు ఉంటే వాటి గింజలను మహిళా సంఘాలు ఏరి అమ్ముకోవచ్చు. ఆ హక్కు కూడా కాగితం మీద రాసివ్వాలని అడుగుదాం.

నీడ గురించి మనలోనే అభ్యంతరం రావచ్చు. ప్రహరీ పక్కన చెట్టు పెరిగితే పక్క చేను దెబ్బతింటుందని. అది నిజమే. దాళ్వా కాలంలో మొదటి నెలల్లో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, నీడ ఉత్తరానికి పడుతుంది. కాబట్టి భవనానికి ఉత్తరాన చేను ఉంటే ఆ హద్దులో పెద్ద చెట్లు పెట్టకూడదు. ఈ సంగతి పక్క రైతుని ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది. అడిగే ఏర్పాటు ఉండాలి, అంతే.

ఇక గడ్డి. ఎకరం పచ్చిక మీద రోజుకి 5 మిల్లీమీటర్ల నీరు పెట్టాలంటే సుమారు 20,000 లీటర్లు కావాలి. మెట్టలో బోరు మీద ఆధారపడిన ఊళ్లో ఏ ఆఫీసుకీ ఆ హక్కు లేదు. పచ్చదనం కావాలంటే మన గరిక ఉంది. వానకి లేస్తుంది, ఎండకి పడుకుంటుంది, మళ్లీ వానకి లేస్తుంది.

వాన నీటి మాట కూడా నేలను బట్టే ఉండాలి. 100 చదరపు మీటర్ల కప్పు మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు. మెట్ట ఊళ్లో ఆ నీటికి ఇంకుడు గుంత తవ్వాలి. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉన్న చోట గుంత తవ్వితే నీరు ఇంకదు, దోమలు పెరుగుతాయి. అక్కడ కావలసింది చిన్న చెరువు, దాని నుంచి బోదెకి తూము. రాష్ట్రమంతటికీ ఒకే నమూనా పంపితే రెండు చోట్లా తప్పుతుంది.

చట్టం ఎక్కడ ఆగింది

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. నీరు, నేల, చెట్లు మూడింటినీ కలిపి చేసిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. వాననీటి నిల్వ, చెట్టు కొట్టడానికి అనుమతి అందులో ఉన్నాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించి నిర్మాణ విస్తీర్ణం ఉంటే ముందస్తు అనుమతి కావాలి. ఇందాక చెప్పిన పై మట్టి షరతు ఆ అనుమతుల్లోదే. ప్రతి 80 చదరపు మీటర్ల స్థలానికి కనీసం ఒక చెట్టు అన్న షరతు కూడా అక్కడిదే. జాతీయ రహదారులకు 2015 నాటి హరిత రహదారుల విధానం ఉంది. ప్రాజెక్టు ఖర్చులో ఒక శాతం చెట్ల పెంపకానికి, సంరక్షణకు కేటాయించాలని అది చెబుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. మన ఊళ్లో కట్టే సచివాలయం, రైతు సేవా కేంద్రం, బడి గదులు, ఆరోగ్య కేంద్రం, వీటిలో ఏదైనా 20,000 చదరపు మీటర్లు ఉంటుందా? దరిదాపుల్లోకి కూడా రాదు. పెద్ద కట్టడానికి షరతులున్నాయి. చిన్న కట్టడానికి లేవు. కాని ఊరికి నాలుగైదు చిన్న కట్టడాలు, మండలానికి ఎన్నో ఊళ్లు. అన్నీ కలిస్తే ఏ పెద్ద ప్రాజెక్టుకీ తీసిపోవు. బోదెకి తూము లేకపోతే నీరు ఆగడానికి భవనం ఎంత పెద్దదన్న తేడా లేదు. మన పని ఈ సందు మూయించడం.

ఇది ఎక్కడా లేని కోరిక కూడా కాదు. అమెరికాలో 1994 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ కేంద్ర ప్రభుత్వ ఆవరణలన్నిటికీ ఒక ఆదేశమిచ్చారు. ఆ ప్రాంతపు మొక్కలు వాడండి, నీరు ఆదా చేయండి, ఎరువులు, పురుగుమందులు తగ్గించండి, కట్టేటప్పుడు ఉన్న ప్రకృతిని తక్కువగా పాడుచేయండి అని. మన దగ్గర కేంద్ర ప్రజాపనుల శాఖలో ఉద్యాన విభాగమే వేరుగా ఉంది. మన జిల్లాల్లో సలహాకి కొరత లేదు. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో 2007లో వచ్చిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. తాడేపల్లిగూడెంలోనే 2015లో వచ్చిన నిట్ ఉంది. చెట్టు తెలిసినవాళ్లు, కట్టడం తెలిసినవాళ్లు ఇద్దరూ మన పక్కనే ఉన్నారు. ఇద్దరినీ మన బోదె దగ్గరికి తీసుకురావాలి.

ఎదురొచ్చే మాటలు

ఖర్చు పెరుగుతుందంటారు. భవనం అంచనాలో పునాది, పిల్లరు, రంగు అన్నీ ఉన్నప్పుడు తూము ఖర్చు ఎంత? తూము వేయకపోతే ఏటా రైతులు కట్టే రెండో ఊడ్పు ఖర్చుతో పోల్చి చూడమనండి. నేల కిందకి పోయే 280 ట్రక్కుల మట్టికి కూడా ధర కట్టమనండి.

రేట్ల పట్టికలో ఐటం లేదంటారు. ఇదే అసలు చిక్కు. ఐటం లేకపోతే అంచనా లేదు, అంచనా లేకపోతే బిల్లు లేదు, బిల్లు లేకపోతే పని లేదు. కాబట్టి ఐటం పెట్టమని అడగడమే మన పోరాటం. పై మట్టి తీసి దాచడం, తిరిగి పరచడం, బోదె మళ్లించడం, తూము, మొక్క, ట్రీగార్డు, నీళ్లు పోసే కూలి, ఒక్కొక్కటీ ఒక ఐటంగా రావాలి.

నాటాక ఎవరు చూస్తారంటారు. కొత్త భవనానికి పగుళ్లొస్తే కొంతకాలం బాధ్యత కాంట్రాక్టరుదే. చెట్టుకీ అదే పద్ధతి పెట్టవచ్చు. మూడు వేసవులు గడిచాక లెక్కపెట్టి, బతికిన మొక్కలను బట్టి ఆఖరి సొమ్ము ఇవ్వాలి. నీళ్లు పోసే పని ఊళ్లో కూలీలకే ఇవ్వాలి. అలా చేస్తే ప్రారంభోత్సవం మొక్క ప్రారంభోత్సవంతో చచ్చిపోదు.

మన తీర్మానం

మిత్రులారా, ఈ సభ ముందు మేము ఐదు కోరికలు పెడుతున్నాం. వీటిని తీర్మానంగా చేసి ప్రతి గ్రామసభకూ తీసుకువెళదాం.

ఒకటి. ప్రభుత్వ స్థలంలో గ్రావెల్ తోలే ముందు ఆ చుట్టుపక్కల బోదెలు, తూములు చూపించే పటం గీయాలి. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాల రాతపూర్వక అభిప్రాయం దానికి జత చేయాలి.

రెండు. కట్టడం ఎంత చిన్నదైనా పై మట్టిని 20 సెంటీమీటర్ల లోతు తీసి దాచాలి. అక్కడే వాడగా మిగిలింది ఊరికి ఇవ్వాలి, అమ్మకూడదు.

మూడు. పని మొదలుకాక ముందే ఉన్న చెట్లను లెక్క రాయాలి. కొట్టక తప్పనివి ఏవో, ఎందుకో గ్రామసభలో చెప్పాలి. కొత్తగా నాటేవాటిలో కోనోకార్పస్ ఉండకూడదు. మెట్టకి ఒక జాబితా, డెల్టాకి ఒక జాబితా ఉద్యాన విశ్వవిద్యాలయం సలహాతో తయారు కావాలి.

నాలుగు. మెట్టలో ఇంకుడు గుంత, డెల్టాలో చెరువు, తూము అన్న తేడా నమూనాలోనే ఉండాలి.

ఐదు. మూడేళ్ల సంరక్షణ ఖర్చు అంచనాలో ఉండాలి. ఆఖరి బిల్లు బతికిన చెట్ల లెక్క మీద ఇవ్వాలి.

ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మనం చేయాల్సినవి మూడు చెబుతాం. మొదటిది, ప్రతి ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకు తెలిసిన మురుగు దారులన్నీ ఒక కాగితం మీద గీయించండి. పేరు లేని బోదెకి పేరు పెట్టండి. ఆ దారులు తెలిసిన తరం వెళ్లిపోతోంది. రెండోది, మీ ఊళ్లో ఏ ప్రభుత్వ పని మంజూరైనా దాని అంచనా కాపీని సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పని పూర్తయ్యాక అరవడం కంటే అంచనా దశలో ఒక దరఖాస్తు మేలు. మూడోది, మన వల్ల పూడిన బోదె ఏదైనా ఉంటే ఈ వేసవిలోనే మనమే తవ్వేద్దాం. ఆ పని చేసి అడిగితే మన మాటకు బరువుంటుంది.

కొల్లేరు గురించి, ఐదో కాంటూరు గురించి మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఇంకొక రోజు చేద్దాం. కాని ఊళ్లో కట్టే బడి వల్ల, ఆసుపత్రి వల్ల పక్క చేను మునగకూడదన్న మాటలో మెట్ట రైతుకీ, డెల్టా రైతుకీ, చేపల రైతుకీ తేడా రాదు. బడీ మనదే, ఆసుపత్రీ మనదే. వాటి చుట్టూ ఉన్న నేల కూడా మనదే అని అడుగుదాం.

వచ్చే సమావేశానికి ఒక్కో ఊరి నుంచి ఒక్కో బోదె పటం తీసుకుని రండి. ఏప్రిల్‌లో అందరం కలిసి మన మండలంలోని ప్రభుత్వ ఆవరణలకు వెళ్లి బతికి ఉన్న మొక్కలు లెక్కపెడదాం. ఆ లెక్క మన పత్రికలోనే వేద్దాం.